ఫొటో కోసం వేసుకున్న బట్టలు

పాత ఫొటోల్లో పిల్లలు నవ్వరు. మెడదాకా గుండీలు పెట్టిన కోటు, మోకాళ్ళదాకా మేజోళ్ళు, నెత్తిన జరీ టోపీ. బెజవాడ ఎండల్లో ఆ వేషం వేసుకుని ఎలా నిలబడ్డారో గానీ, చూపు మాత్రం కెమెరా మీద నుంచి కదల్లేదు. ఆ బట్టలు చూసి మన పెద్దలు దర్జాగా బతికారని మురిసిపోతుంటాం. ఫొటోలో బట్టల్ని బట్టి ఇంటి కలిమిని అంచనా వేయడం పొరపాటు. నలుగురికీ ఎలా కనబడాలని ఆ ఇల్లు ఆశపడిందో మాత్రం అవి చక్కగా చెబుతాయి.

1839లో పారిస్‌లో లోకానికి తెలిసిన ఈ విద్య కొద్ది ఏళ్ళలోనే కలకత్తా చేరింది. 1856 నాటికి మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ కూడా వెలిసింది. అప్పటి పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, కడిగేయాలి. కొన్ని క్షణాలపాటు మనిషి కదలకూడదు. పెద్దవాళ్ళ తలలకే వెనక నుంచి ఇనప ఊత పెట్టేవారు. ఇక పిల్లల సంగతి చెప్పాలా? చెయ్యి విదిలిస్తే చెయ్యి స్థానంలో పొగమంచు పడేది. ఇంగ్లండులో తల్లుల మీద దుప్పటి కప్పి, వాళ్ళ ఒళ్ళో బిడ్డను కూర్చోబెట్టి తీసిన ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ బిగుసుకుపోయిన ముఖాలకు సగం కారణం క్రమశిక్షణ అయితే, సగం రసాయనశాస్త్రం.

మన ప్రాంతంలో ఈ కథ రాజా దీన్‌దయాళ్‌తో ఊపందుకుంది. మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివిన ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. నవాబుల పిల్లలు కెమెరా ముందుకు షేర్వానీలతో, నడుముకు కత్తులతో వచ్చేవారు. అవి పిల్లల బట్టలే కావు. పెద్దల దుస్తుల్ని కత్తిరించి చిన్నవి చేసినట్టుండేవి. మూడేళ్ళయినా నిండకుండా 1869లో గద్దెనెక్కిన మహబూబ్ అలీఖాన్‌కు బాల్యం వేరు, కొలువు వేరు అయ్యే వీలు ఎక్కడిది?

మరో వైపు నుంచి నావికుల దుస్తు వచ్చింది. 1846లో వింటర్‌హాల్టర్ అనే చిత్రకారుడు విక్టోరియా రాణి కొడుక్కి నాలుగేళ్ళప్పుడు నావికుడి వేషంలో బొమ్మ గీశాడు. అక్కణ్ణుంచి ఆ వెడల్పాటి కాలరు చొక్కా యూరపంతా పాకి, వలస దేశాల సంపన్న ఇళ్ళలోకీ దిగింది. సముద్రం మొహం ఎరగని జమీందారు బిడ్డలు కూడా ఓడ దిగినవాళ్ళలా ఫొటోలు దిగారు.

ఇదే కాలంలో కెమెరా ఇంకోలాంటి పిల్లల్నీ చూసింది. 1876-78లో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసిన కరువు రోజుల్లో మద్రాసు సైన్యాధికారి హూపర్ తీసిన ఫొటోల్లో ఎముకల గూళ్ళ లాంటి బిడ్డలున్నారు. ఒంటిమీద నూలుపోగు లేదు. మారిషస్ చెరకు తోటలకు వెళ్ళిన కూలీల ఫొటోలు అక్కడి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లోని వలస రికార్డుల్లో ఉన్నాయి. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నవాడు బట్టలు ఎంచుకున్నాడు. తీసుకుపోయి నిలబెడితే నిలబడ్డవాడికి ఆ అవకాశం లేదు. మన ఆల్బముల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను పక్కన పెట్టడం న్యాయం కాదు.

మధ్యతరగతి ఇళ్ళకు వద్దాం, అసలు ముచ్చట్లు అక్కడున్నాయి. మొదట రంగుల సంగతి. పాత ప్లేట్లకు నీలం బాగా కనిపించేది, ఎరుపు అసలు కనిపించేది కాదు. నీలిరంగు గౌను తెల్లగా పడేది, ఎర్రటి పట్టులంగా నల్లగా పడేది. ఎరుపును పట్టే ఫిల్ము వాడుకలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. అమ్మమ్మ చిన్నప్పటి ఫొటోలో నల్లలంగా కట్టుకుందని బాధపడేవారు కాస్త ఆగాలి. అది మంచి కుంకుమరంగు కంచిపట్టు అయినా కావచ్చు.

తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లవాడికి ఆడపిల్ల వేషం వేసి ఫొటో తీయించడం మన ఇళ్ళలో పెద్ద సరదా. జడ అల్లి, పూలు పెట్టి, కాటుక దిద్ది, బుగ్గన దిష్టిచుక్క. పెద్దయ్యాక ఆ మగాడు ఆ ఫొటో ఎవరికీ చూపించనివ్వడు. ఆడపిల్లకైతే పూలజడ ఫొటో తప్పనిసరి. మొగలిరేకులో మల్లెమొగ్గలో కుట్టించి, జడగంటలు వేలాడదీసి, వెనక నిలువుటద్దం పెట్టేవారు. ముఖమూ జడా ఒకే ఫొటోలో పడాలంటే అంతకన్నా ఉపాయం లేదు. ఆ ఆలోచన ఏ ఊరి ఫొటోగ్రాఫరుకు మొదట వచ్చిందో గానీ, అతనికి ఒక శాలువా బాకీ ఉన్నాం.

ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడిన ఇళ్ళూ ఉన్నాయి. ఆ భయాన్ని దాటించింది పెళ్ళిళ్ళే. తలపాగాలో మునిగిపోయిన వరుడూ, వడ్డాణం బరువుకు వంగిన వధువూ, ఇద్దరూ పసివాళ్ళే. ఆడపిల్లకు కనీసం పద్నాలుగేళ్ళు నిండాలన్న శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చేలోపు అలాంటి పెళ్ళిళ్ళు హడావిడిగా ఎన్నో జరిగిపోయాయి. ఆ ఫొటోలను ముచ్చటగా చూడటం నా వల్ల కాదు.

1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశం జరిగి, విదేశీ బట్టల మంటలు లేచాక ఖద్దరు పిల్లల ఒంటిమీదికీ వచ్చింది. మఖమల్ కోటు ఉన్నచోట గాంధీ టోపీ కనిపించింది.

స్వాతంత్ర్యం తర్వాత చిన్న పట్టణాలకూ స్టూడియోలు వచ్చాయి. తెర మీద తాజ్‌మహలో నెలవంకో, పక్కన పూలకుండీ, అరుగు మీద పౌడరు డబ్బా, దువ్వెన, కొక్కేనికి ఒక నల్లకోటు. ఊళ్ళో సగం మంది పిల్లలు తొడిగింది ఆ ఒక్క కోటే. భుజాలు జారిపోతుంటే వీపు వెనక పిన్నీసులు పెట్టేవారు, అవి ఫొటోలో పడవు కదా. సంక్రాంతికి ఒకే తాను కొని అన్నదమ్ములకు చొక్కాలు, అక్కచెల్లెళ్ళకు గౌన్లు కుట్టించడం మరో ఆనవాయితీ. ఎదిగే పిల్లలని వదులుగా కుట్టించి, అంచులో మడత దాచేవారు. ఫొటోను కాస్త దగ్గరగా చూడండి, ఆ కుట్టుగీత కనిపిస్తుంది.

ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ము అమ్మింది. చేతికెమెరాలు వచ్చాయి. ఒక రీలుకు పన్నెండు బొమ్మలు. ఆ లెక్క కారణంగానే ఫొటో అంటే మంచిబట్టలు కట్టుకునే అలవాటు ఇంకొన్నాళ్ళు నిలిచింది. రంగు ఫిల్ము, తర్వాత సెల్‌ఫోను వచ్చాక పిల్లలు బనియనుతోనే ఫొటోల్లో పడుతున్నారు. నన్నడిగితే అదే మేలు. వాళ్ళు నవ్వుతున్నారు.

మీ ఇంట్లో పాత ఫొటోలుంటే వాటి వెనక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాసిపెట్టండి; సిరా అయితే ముందుకు దిగుతుంది. జిగురు పేజీల ఆల్బముల్లో ఉన్నవాటిని బయటికి తీయండి. ఆ లంగా ఏ రంగుదో, ఆ కోటు ఎవరిదో ఇంట్లో పెద్దావిడను అడిగి, అది కూడా రాయండి.