పని–విహార వీసాలకు చీటీ పద్ధతి: ఆస్ట్రేలియా, బ్రిటన్ ఎంపిక విధానం

విదేశంలో కొంతకాలం విహరిస్తూ, ఖర్చుల నిమిత్తం అక్కడే పని చేసుకొనుటకు యువతీయువకులకు ఇచ్చే అనుమతిని ‘వర్కింగ్ హాలిడే వీసా’ అంటారు. ఆస్ట్రేలియా ఈ ఏర్పాటును 1975లో బ్రిటన్, ఐర్లండ్, కెనడా దేశాల యువతతో ఆరంభించింది. సాధారణ ఉద్యోగ వీసాకు ముందుగా ఒక సంస్థ ఉద్యోగం ఇచ్చి ఉండాలి. దీనికి ఆ నియమం లేదు. అందువలననే గిరాకీ అధికం. ఆశించేవారు వేలల్లో, స్థానాలు వందల్లో ఉన్నచోట కొన్ని ప్రభుత్వాలు ‘బ్యాలెట్’, అనగా చీటీ పద్ధతిని అనుసరిస్తున్నాయి.

చీటీ ఎందుకు?

ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో వేగవంతమైన ఇంటర్నెట్ గలవారిదే పైచేయి. దరఖాస్తులు తెరిచిన కొద్దిసేపటికే స్థానాలు నిండిపోతాయి. చీటీ పద్ధతిలో మొదటి నిమిషంలో నమోదైన పేరుకూ చివరి రోజున నమోదైన పేరుకూ సమాన అవకాశం ఉంటుంది.

దక్షిణాదికి ఈ పద్ధతి కొత్తది కాదు. కాంచీపురం సమీపాన గల ఉత్తరమేరూరు శాసనాలు, పదవ శతాబ్దిలో గ్రామసభ సభ్యులను కుండలో వేసిన తాటాకు చీట్ల ద్వారా ఎన్నుకొన్న తీరును వివరిస్తాయి. ముందుగా వయస్సు, ఆస్తి, విద్య వంటి అర్హతలు చూసేవారు. ఆపై చీట్లను ఒక బాలునిచేత తీయించేవారు. నేటి వీసా బ్యాలెట్‌లో బాలుని స్థానంలో కంప్యూటరు ఉన్నది. వరుస కూడా తారుమారైంది: చీటీ ముందు, అర్హతల పరిశీలన తరువాత.

ఆస్ట్రేలియా

భారత్–ఆస్ట్రేలియా ఆర్థిక సహకార, వాణిజ్య ఒప్పందం 2022 ఏప్రిల్ 2న కుదిరి, అదే ఏడాది డిసెంబరు 29న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం భారతీయ యువతకు ఏటా 1,000 ‘వర్క్ అండ్ హాలిడే’ (ఉపవర్గం 462) వీసాలు కేటాయించారు. తొలి బ్యాలెట్ నమోదు 2024 అక్టోబరులో నెలరోజులు సాగింది. చైనా, వియత్నాం దేశాల వారికీ ఇదే పద్ధతి వర్తింపజేశారు.

నమోదు రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. పేరు రాకున్నా ఈ సొమ్ము తిరిగి రాదు. భారతీయులు పాస్‌పోర్టుతోపాటు పాన్ కార్డు వివరాలు ఇవ్వాలి. ఎంపికైనవారు 28 రోజులలో అసలు దరఖాస్తు దాఖలు చేయాలి. వయస్సు 18 నుండి 30 ఏళ్లు, ఇంటర్మీడియట్ తరువాత కనీసం రెండేళ్ల చదువు, ఇంగ్లీషు పరిజ్ఞానం, సుమారు 5,000 ఆస్ట్రేలియా డాలర్ల నిల్వ ముఖ్యమైన అర్హతలు. తమపై ఆధారపడిన పిల్లలను వెంట తీసుకొని వెళ్లరాదు. ఈ వీసాపై 12 నెలలు ఉండవచ్చు. సాధారణంగా ఒకే యజమాని వద్ద ఆరు నెలలకు మించి పని చేయరాదు. నాలుగు నెలల వరకు చదువుకోవచ్చు.

బ్రిటన్

కామన్వెల్త్ దేశాల యువతకు బ్రిటన్ ఇచ్చిన వర్కింగ్ హాలిడే అనుమతులు 2008లో ముగిశాయి. దాని స్థానంలో వచ్చిన పథకంలో భారత్‌కు చోటు దక్కలేదు. 2021 మేలో ఇరుదేశాల మధ్య కుదిరిన వలసల ఒప్పందం ఫలితంగా ‘ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్’ పథకం రూపొంది, 2023 ఫిబ్రవరి 28న తొలి బ్యాలెట్ తెరుచుకుంది. ఏటా 3,000 స్థానాలు. దీనికి డిగ్రీ తప్పనిసరి. వయోపరిమితి 18–30 ఏళ్లే. బ్యాలెట్‌లో పేరు నమోదుకు రుసుము లేదు. రెండు రోజులపాటు మాత్రమే నమోదు చేసుకోవచ్చు. ఫలితం రెండు వారాలలోగా ఈ–మెయిల్ ద్వారా తెలుపుతారు.

పేరు వచ్చిన తరువాత ఖర్చు మొదలవుతుంది. ఖాతాలో 2,530 పౌండ్లు 28 రోజులపాటు నిల్వ ఉండాలి. వీసా రుసుముతోపాటు ఆరోగ్య సేవలకు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లకు 1,552 పౌండ్లు ముందే చెల్లించాలి. వీసా గడువు రెండేళ్లు. పొడిగింపు లేదు.

అవకాశం ఎంత?

2024లో ఆస్ట్రేలియా బ్యాలెట్‌కు తొలి రెండు వారాలలోనే భారత్ నుండి సుమారు 40,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారని ఆ దేశ సహాయ మంత్రి మాట్ థిసిల్‌త్‌వైట్ వెల్లడించారు. ఆ లెక్కనే తీసుకున్నా నలభై మందికి ఒక్కరు, అనగా 2.5 శాతం. అదే నిష్పత్తి కొనసాగితే మూడేళ్లు వరుసగా ప్రయత్నించినవారికి కూడా ఒక్కసారైనా పేరు వచ్చే అవకాశం సుమారు 7.3 శాతమే. గత ఏడాది రాలేదు గనుక ఈసారి తప్పక వస్తుందనుకోవడం పొరపాటు. చీటీకి జ్ఞాపకం ఉండదు.

ఒకరికి ఒకే చీటీ

అమెరికా హెచ్–1బి వీసాల ఎంపికలో 2023లో ఏడున్నర లక్షలకు పైగా నమోదులు రాగా, వాటిలో నాలుగు లక్షలకు పైగా ఒకే వ్యక్తి తరఫున పలు సంస్థలు చేసినవి. అందుచేత 2024 నుండి ఎన్ని నమోదులున్నా వ్యక్తిని ఒకే పేరుగా లెక్కించారు. ఆస్ట్రేలియా, బ్రిటన్ బ్యాలెట్లలో మొదటినుండీ ఒక విడతకు ఒకరికి ఒకే నమోదు. పాస్‌పోర్టు సంఖ్య ఇందుకు తాళంచెవి వంటిది.

ఒకే వీధి, రెండు పాస్‌పోర్టులు

చీటీ అందరికీ సమానమన్నది, చీటీ వేయవలసినవారి మధ్యనే నిజం. పుదుచ్చేరిలో ఫ్రెంచి పౌరసత్వం గల కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఫ్రెంచి పాస్‌పోర్టు గల యువకుడు ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే (ఉపవర్గం 417) వీసాకు బ్యాలెట్ లేకుండా, 35 ఏళ్ల వయస్సు వరకు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. పొరుగింటి భారతీయ యువకుడు నలభై మందిలో ఒకడిగా నిరీక్షించాలి. జపాన్, దక్షిణ కొరియా పౌరులకు బ్రిటన్ 2024 జనవరి 31న స్థానాలు పెంచి బ్యాలెట్‌ను తొలగించింది. స్థానాల సంఖ్య పెరిగితే చీటీ అవసరమే తగ్గిపోతుందనుటకు ఇది నిదర్శనం.

ముందు జాగ్రత్తలు

పాస్‌పోర్టు, పాన్ కార్డులలో పేరు ఒకే విధంగా ఉండేటట్లు చూసుకోవాలి. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంటిపేరుకు బదులు తండ్రి పేరులోని తొలి అక్షరం వాడే అలవాటు ఉన్నది. ఒక పత్రంలో అక్షరం, మరొక పత్రంలో పూర్తి పేరు ఉంటే చిక్కు రావచ్చు. ఈ సవరణ నమోదు తేదీలకు ముందే ముగియాలి. తరువాత ఉండే వ్యవధి స్వల్పం.

వీసా చేతికి రాకముందే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం, అప్పు తెచ్చి విమాన టికెట్ కొనడం తగదు. పేరు రావడమంటే దరఖాస్తుకు ఆహ్వానం మాత్రమే, వీసా కాదు. అర్హతలు లేవని తేలితే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది.

ఫారం నింపిపెట్టినందుకు ఏజెంటు కొంత ప్రతిఫలం తీసుకోవచ్చు. పేరు వచ్చేటట్లు చేస్తానని, తనకు ప్రత్యేక కోటా ఉన్నదని చెప్పి సొమ్ము అడిగేవారిని మాత్రం నమ్మరాదు. యాదృచ్ఛికంగా తీసే చీటీని ఎవరూ ముందుగా అమ్మలేరు. బ్రిటన్ బ్యాలెట్‌కు రుసుమే లేదు. ఆస్ట్రేలియా బ్యాలెట్‌కు 25 డాలర్లు, అదీ ఆ ప్రభుత్వ వెబ్‌సైటులోనే చెల్లించాలి. తేదీలు, నిబంధనలు, రుసుములు ఏటా మారవచ్చు గనుక ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో సరిచూసుకొనిన పిమ్మటనే ముందడుగు వేయుట శ్రేయస్కరం.