పట్టా పుట్టింది శిస్తు కోసం

సిప్‌కాట్ ఫ్యాక్టరీలు వచ్చాక, బెంగళూరు అత్తిబెలె దాకా పాకాక, తమిళనాడులోని హోసూరులో రెండో ఇల్లు కొనడం మధ్యతరగతికి మామూలైంది. ఇప్పుడు దాన్ని అమ్ముకునే వంతు వచ్చింది. అమ్మేవారి సంచిలో పట్టా, మూలపత్రం, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), గైడ్‌లైన్ విలువ చూపే కాగితం ఉంటాయి. ఇవన్నీ మన హక్కును కాపాడటానికే పుట్టాయని నమ్ముతాం. పుట్టుక తవ్వితే వీటిలో ఎక్కువ భాగం సర్కారు తన రాబడి కోసం రాసుకున్న లెక్కలే. ఏ కాగితం ఎంతవరకు అక్కరకొస్తుందో ఆ పుట్టుకే చెబుతుంది.

పట్టా కథ ఈ నేల మీదే మొదలైంది. 1792లో శ్రీరంగపట్నం సంధితో కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమను టిప్పు సుల్తాను కుంపిణీకి వదులుకున్నాడు. దాన్ని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించారు. ఆయన కింద పనిచేసినవాడే థామస్ మన్రో. టిప్పు పతనమయ్యాక, 1799లో హోసూరు సీమ కూడా కలిసింది. జమీందారును పక్కనపెట్టి రైతుతోనే నేరుగా శిస్తు మాట్లాడుకునే రైత్వారీ పద్ధతి ఇక్కడే రూపుదిద్దుకుంది. ఏ రైతు ఏ నేలకు ఎంత కట్టాలో రాసిచ్చిన చీటీ పట్టా. కట్టాల్సినవాడి పేరు అందులో ఉంది గానీ, నేల అతనిదేనని తేల్చినవారు లేరు. పట్టా ఒక్కటే హక్కుకు రుజువు కాదని కోర్టులు ఇప్పటికీ అంటున్నది అందుకే. పైగా 1979-87 నడుమ తమిళనాడులో రికార్డులు తిరగరాసిన యూడీఆర్ పథకంలో పేర్లు, విస్తీర్ణాలు తప్పుపడిన చోట్లున్నాయి. ఇంట్లో తెలుగు, కాగితంలో తమిళం ఉన్న కుటుంబాలు ఆ తప్పును అమ్మకం రోజున గాని గమనించకపోతే ఆశ్చర్యం లేదు.

రిజిస్ట్రేషన్ మాటేమిటి, అది మోసాలు ఆపడానికే కదా అనవచ్చు. నిజమే. 1864 నాటి చట్టమైనా, నేటికీ నడుస్తున్న 1908 చట్టమైనా దొంగ పత్రాలకు అడ్డుకట్టగానే వచ్చాయి. నా వాదనకు ఇది మినహాయింపే. కానీ ఆ చట్టం నమోదు చేసేది పత్రాన్ని, హక్కును కాదు. పాత మూలపత్రం చూపనిదే కొత్తది నమోదు చేయొద్దని తమిళనాడు పెట్టుకున్న 55ఎ(ఐ) నిబంధనను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కొట్టేసింది. హక్కు తేల్చడం సబ్‌రిజిస్ట్రారు పని కాదంది. కాబట్టి ఈసీ చెప్పేది నమోదైన లావాదేవీల వరుస మాత్రమే. నమోదుకెక్కని వారసుల వాటా గురించి అది నోరెత్తదు.

ఇక ధర. మూలధన లాభంపై పన్ను మొదట లియాఖత్ అలీఖాన్ 1947 బడ్జెట్‌తో వచ్చి కొన్నాళ్లకే పోయింది. ఆర్థికవేత్త కాల్డార్ సలహాతో 1956లో ఆర్థికమంత్రి టీ.టీ. కృష్ణమాచారి దాన్ని తిరిగి తెచ్చారు. అప్పటినుంచీ ఒకటే పేచీ: పత్రంలో రాసిన ధరను నమ్మాలా? ఎర్నాకుళంలో 1958లో 16,500 రూపాయలకు కొన్న ఇంటిని యజమాని 1965లో కోడలికి, పిల్లలకు అదే ధరకు అమ్మాడు. అధికారి దానికి 65,000 విలువ కట్టి పన్ను అడిగాడు. అసలు చేతికందని సొమ్మును అందినట్టు ఊహించకూడదని 1981లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సర్కారు ఊరుకోలేదు, దారి మార్చింది. 2003 నుంచి, ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 50సి సెక్షన్‌తో, ముద్రాంక సుంకానికి కట్టిన గైడ్‌లైన్ విలువే అమ్మకం ధరగా చెల్లుతోంది.

నల్లడబ్బును అరికట్టాలంటే ఇంతకన్నా మార్గమేదని అడిగేవారున్నారు. ఆ బెడద నిజమే. అయితే కొలబద్ద నిలకడగా ఉండాలిగా! 2017 జూన్‌లో తమిళనాడు గైడ్‌లైన్ విలువలను 33 శాతం తగ్గించి, రిజిస్ట్రేషన్ రుసుమును 1 నుంచి 4 శాతానికి పెంచింది. 2023 ఏప్రిల్‌లో పాత విలువలకు మళ్లించి, రుసుమును 2 శాతం చేసింది. ఇల్లూ అదే, వీధీ అదే. 60 లక్షలకు అమ్మిన ఇంటికి గైడ్‌లైన్ 70 లక్షలుంటే, తేడాకు చట్టమిచ్చే 10 శాతం సడలింపు దాటింది గనుక పన్ను లెక్క 70 లక్షల మీదే. అధికారి చేత మదింపు చేయించమని అడిగే హక్కు ఉంది గానీ, అడిగేవారు అరుదు.

ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి చూసే ఇండెక్సేషన్ 1992 బడ్జెట్‌తో వచ్చింది. 2024 జులై 23న దాన్ని తీసేసి 12.5 శాతం రేటు పెట్టారు. గోల రేగాక, ఆ తేదీకి ముందు కొన్న ఇళ్లకు, స్థలాలకు పాత 20 శాతం లెక్కలో పన్ను తక్కువైతే అంతే కట్టే వెసులుబాటిచ్చారు. ఇది దేశంలో ఉండే వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకే. అమెరికాలో స్థిరపడిన కొడుకు పేరున ఉంటే లేదు. 2005-06లో 10 లక్షలకు కొన్న ఇల్లు 2024-25లో 60 లక్షలకు అమ్మితే పాత లెక్కలో సుమారు 5.79 లక్షలు, కొత్తదానిలో 6.25 లక్షలు. అదే 80 లక్షలకు పోతే కొత్త లెక్కే చవక. ధరలు పరుగెత్తిన చోట ఇండెక్సేషన్ పోయిందని ఏడవనక్కర్లేదు.

ఇల్లు అమ్మి మరో ఇల్లు కొంటే మినహాయింపు ఇచ్చే 54వ సెక్షన్ మొదట్లో యజమాని గాని, తల్లిదండ్రులు గాని కాపురమున్న ఇంటికే వర్తించేది. 1982 ఫైనాన్స్ చట్టం ఆ షరతు తీసేశాకే, అద్దెకిచ్చిన రెండో ఇంటికీ తలుపు తెరుచుకుంది. ఖాళీ ప్లాటుకు మాత్రం ఆ తలుపు లేదు. దానికి 54ఎఫ్ దిక్కు: లాభం ఒక్కటే పెడితే చాలదు, పూర్తి మినహాయింపు కావాలంటే ఖర్చులు పోను అమ్మిన సొమ్మంతా కొత్త ఇంటిలో పెట్టాలి. పైగా అమ్మేనాటికి ఒకటికి మించి ఇళ్లుండకూడదు. బెంగళూరులో రెండు ఫ్లాట్లున్నవారు హోసూరు ప్లాటు అమ్మితే ఈ మినహాయింపు దక్కదు.