క్రిమి కంచుకమునందలి చక్కెర

పదమును ప్రకృతియనియు, ప్రత్యయమనియు విడదీసి, అర్థము ఏ భాగమునందున్నదో తేల్చుట వైయాకరణుల పని. నేను బడిపిల్లలకు చిరకాలము ఆ విద్యయే చెప్పితిని. రోగక్రిమిని అట్లే విడదీసి, దాని గుర్తు ఎందున్నదో తేల్చినవారి చరిత్రను నేడు మనవి చేసెదను.

న్యుమోనియాను గలిగించు క్రిములలో ముఖ్యమైనది న్యుమోకాకస్. చూపున కొకటే యైనను అందు జాతులు పెక్కు. 1910 తరువాత వైద్యులు గుర్రములకు ఈ క్రిములనెక్కించి, వాని రక్తపు తేటను రోగులకిచ్చుచుండిరి. ఒక జాతికై చేసిన తేట మరియొక జాతిపై పనిచేయదు. జాతిని పోల్చుకొనుటలో పొరబడినచో రోగి ప్రాణమునకే ముప్పు. మరి దేహము ఏ గుర్తును బట్టి జాతులను వేరుపరచుచున్నది? ఆ గుర్తునకే ప్రతిజనకమని పేరు. అది మాంసకృత్తే యని నాటి శాస్త్రజ్ఞుల నమ్మకము.

1917లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో డోషే, ఏవరీ అను వైద్యులొక వింత కనిరి. క్రిములు పెరిగిన రసమును వడగట్టి, క్రిమియన్నది లేకుండ జేసి, తగిన జాతి తేటను కలుపగా మడ్డి దిగెను. రోగుల మూత్రమునందును ఆ పదార్థమే కానవచ్చెను.

దానిని శుద్ధిచేయుమని ఏవరీ, హైడెల్‌బర్గర్ అను రసాయనజ్ఞుని విడువక వేడుకొనెను. ఎంత ఓర్పు గావలెనో చూడుడు! రసమును ఇగిర్చుట, ఆల్కహాలు పోసి పదార్థమును విఱుగగొట్టుట, మరల నీట కరగించి మరల పోయుట, పలుచని పొరగుండ లవణములను వెడలించుట. శుద్ధి హెచ్చినకొలది నత్రజని తగ్గుచు వచ్చెను. గుర్తింపుశక్తి మాత్రము తగ్గలేదు. నత్రజని లేని మాంసకృత్తు లేదుగదా! ఆమ్లముతో విడగొట్టగా ద్రాక్షచక్కెర వెలువడెను. అనగా అది చక్కెరల గొలుసు. అయినను 1923లో ఫలితమును ప్రకటించునపుడు, గుర్తు ఇదియేనో, దీనినంటియున్న మరియొకటియో యింకను తేలలేదని వారే వ్రాసిరి. ఈ నిగ్రహమే నాకు మిక్కిలి నచ్చినది. మాంసకృత్తు లేశమేదో దాగియుండునని ఇతరులు శంకించిరి. మూడవ జాతి పదార్థమున నత్రజని బొత్తిగా లేదని తేలినపిదప ఆ శంక బలహీనమయ్యెను.

ఆ చక్కెర క్రిమి కంచుకమునకు చెందినది. కంచుకమున్న క్రిమిని మన తెల్లకణములు సులభముగ మ్రింగజాలవు, ప్రతిరక్షకమంటినపిదప మ్రింగును. 1945లో ప్రకటితమైన పరీక్షలో, నాలుగు జాతుల చక్కెరలతో చేసిన టీకా అమెరికా సైనికులను ఆ జాతుల న్యుమోనియానుండి కాపాడెను.

కాని రెండేండ్లు నిండని శిశువుల దేహము వట్టి చక్కెరను సరిగా లెక్కచేయదు. ఈ వ్యాధికి ఎక్కువగ బలియగువారును వారే! దారి మాత్రము 1931లోనే కనబడినది. ఏవరీ, గోబెల్ అనువారు చక్కెరను మాంసకృత్తుతో జోడించి కుందేళ్లకీయగా ప్రతిరక్షకములు పుట్టెను. ఆ జోడింపుతోడి శిశుటీకా 2000లో అమెరికాలో వెలువడెను. మన దేశపు సార్వత్రిక టీకాలలో 2017లో చేరి, 2021లో దేశమంతట వ్యాపించెను. ఆరవ వారమున, పదునాలుగవ వారమున, తొమ్మిదవ నెలలో శిశువులకు దానినిచ్చుచున్నారు.