పేకముక్కల పుట్టుక: ప్రసంగ వేదికపై ఒక అపోహ, సంఘ చరిత్రలో దాని సవరణ

అరకు, బొర్రా, అనంతగిరి ప్రాంత గ్రామాలలో సేవ చేసే కాపరికి జూదం పుస్తకాలలోని సమస్య కాదు. సంత రోజున కూలి డబ్బు పేకాటలో పోతే, ఆ రాత్రి పొయ్యి వెలగని ఇల్లు ఆయనకు తెలిసినదే. కాబట్టి పేకాటకు వ్యతిరేకంగా బోధించడం అవసరమే. అయితే ముక్కలలోని రాజు సాతానుకు గుర్తు, రాణి మరియమ్మకు అవమానం, ఈ కట్టను క్రీస్తును హేళన చేయడానికే తయారు చేశారు అనే కథ కొన్ని ప్రసంగాలలో వినిపిస్తుంది. దీనికి చరిత్రలో ఆధారం లేదు.

యూరపులో పేకముక్కలను వివరంగా వర్ణించిన తొలి రచయిత ఒక సన్యాసి కావడం గమనార్హం. 1377లో జాన్ అనే డొమినికన్ సన్యాసి ఈ ఆట తమ ప్రాంతానికి ఆ సంవత్సరమే వచ్చిందనీ, ఎక్కడి నుంచి వచ్చిందో తనకు తెలియదనీ వ్రాశాడు. ఆయన ప్రధానంగా వర్ణించిన కట్టలో 52 ముక్కలు, నలుగురు రాజులు, ఒక్కొక్క రాజు కింద ఇద్దరు అధికారులు ఉన్నారు. ఆ వరుసను ఆయన సమాజంలోని వర్గాలకూ వాటి బాధ్యతలకూ పోలికగా వాడుకున్నాడు. అదే 1377లో ఫ్లోరెన్సు నగరం ఈ ఆటను నిషేధించింది. ఒకే సంవత్సరంలో బోధకునికి దృష్టాంతం, పాలకులకు నేరం!

ఆయనకు తెలియని మూలం మనకు తెలుసు. ఇస్తాంబుల్‌లోని తోప్‌కపి ప్రాసాదంలో ఈజిప్టు మమ్లూకుల కాలపు కట్ట ఒకటి 20వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చింది. అందులోని నాలుగు జాతులు ఖడ్గాలు, కప్పులు, నాణేలు, పోలో కర్రలు. పెద్ద ముక్కలు రాజు, నాయబు, రెండవ నాయబు. వాటిపై మనుషుల బొమ్మలు లేవు, పదవుల పేర్లు మాత్రమే అరబ్బీలో ఉన్నాయి. రాణి అసలే లేదు. ఇటాలియన్లు పేకముక్కలను ‘నాయిబి’ అనడం ఆ నాయబు నుంచే.

సంఘం వాటిని కాల్చిన మాట కూడా నిజమే. 1423లో బొలోన్యా నగరంలో సియెన్నా బెర్నార్దీను ప్రసంగం విన్న ప్రజలు తమ కట్టలను మంటల్లో వేశారు. జీవనాధారం పోయిందని ఒక ముక్కల చిత్రకారుడు మొర పెట్టుకోగా, యేసు నామాక్షరాలను చిత్రించి అమ్ముకొమ్మని బెర్నార్దీను చెప్పాడని కథనం. మంట పెట్టినవాడే బ్రతుకుదెరువు కూడా చూపాడన్న ఆ రెండవ భాగమే కాపరులకు ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

ఇక మన తీరానికి వద్దాం. 17వ శతాబ్దారంభంలో డచ్చివారు మచిలీపట్నంలో స్థిరపడ్డారు. తరువాత బొర్రా కొండలకు దిగువనున్న భీమునిపట్నం వారి స్థావరమైంది. 1825లో అది ఆంగ్లేయుల వశమైంది. వారి సమాధులు అక్కడ నేటికీ ఉన్నాయి. తెలుగు పేకాటలోనూ వారి గుర్తు మిగిలింది. మన ‘కళావరు’ డచ్చి ‘క్లావర్’, అంటే మూడాకుల గడ్డి. మన ‘ఆఠీను’ వారి ‘హార్తెన్’, అంటే హృదయాలు. ‘ఇస్పేటు’ దారి వేరు. ఇంగ్లీషు ‘స్పేడ్’ కూడా ఇక్కడ గడ్డపార కాదు. ‘స్పాదా’ అంటే ఇటాలియన్ భాషలో ఖడ్గం. మమ్లూకుల ఖడ్గం ఆ పేరులో ఇంకా ఉంది.

‘తురుపు’ కథ వేదాంత విద్యార్థికి మరింత ఆసక్తికరం. డచ్చి ‘ట్రూఫ్’, ఇంగ్లీషు ‘ట్రంప్’ అనే దాని బంధువులు రెండూ లాటిన్ ‘త్రియుంఫుస్’ నుంచి వచ్చినవే. అంటే విజయోత్సవం. కొలొస్సీ 2:15లో క్రీస్తు సిలువ విజయానికి లాటిన్ బైబిలు వాడినది ఆ మాటకు చెందిన క్రియనే.

1529 డిసెంబరులో కేంబ్రిడ్జిలో హ్యూ లాటిమరు ఈ సంబంధాన్ని ప్రసంగంలోనే వాడుకున్నాడు. మనకు సంక్రాంతి వలె ఇంగ్లండులో క్రిస్మసు పేకాటల కాలం. మీరు ఎలాగూ ఆడతారు గదా, క్రీస్తు ముక్కలతో ఆడడం నేర్పుతానని ఆయన మొదలుపెట్టాడు. ఆ ఆటలో తురుపు హృదయాల జాతి. బకింగ్‌హాము అనే డొమినికన్ మఠాధిపతి దానికి పోటీగా పాచికల మీద ప్రసంగించాడు. లాటిమరును 1555లో ఆక్స్‌ఫర్డులో సజీవ దహనం చేశారు, పేకముక్కల కోసం కాదు, ప్రభువు బల్లను గూర్చిన విశ్వాసం కోసం. ఆయన తురుపుగా ఎంచిన జాతినే మన ఊళ్లలో ఆఠీను అంటున్నాం.