డొమైన్ నేమ్: షాపుకు వెబ్‌సైట్ పెడుతున్నారా..? పేరు కొనే ముందు ఇవి చూసుకోండి.. లేదంటే చేజారిపోతుంది!

పచ్చళ్ల వ్యాపారం, స్వీట్ షాపు, ట్యూషన్ సెంటర్.. చిన్న ఊళ్లలోనూ ఇప్పుడు సొంత వెబ్‌సైట్లు వచ్చేస్తున్నాయి. డిజైన్‌కు వేలకు వేలు పోస్తున్నవారు, సాధారణంగా ఏడాదికి కొన్ని వందల నుంచి వెయ్యి, పదిహేను వందల మధ్య దొరికే డొమైన్ పేరును మాత్రం పెద్దగా పట్టించుకోవట్లేదు. డిజైన్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, ప్యాకెట్ మీద ఎక్కిన పేరును మార్చాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

ఫోన్‌లో చెబితే టైప్ చేయగలరా?

తెలుగు పేర్లతో వచ్చే మొదటి చిక్కు స్పెల్లింగే. 'శ్రీలక్ష్మి స్వీట్స్' అనే షాపునే తీసుకోండి. ఇంగ్లిష్‌లో 'శ్రీ'ని కొందరు ఒక్క 'ఐ'తో, కొందరు రెండు 'ఈ'లతో, మరికొందరు మధ్యలో 'హెచ్' పెట్టి రాస్తారు. 'లక్ష్మి'ని 'కె-ఎస్-హెచ్'తో రాసేవాళ్లున్నారు, 'ఎక్స్'తో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. అంటే ఒక్క పేరుకే ఆరు స్పెల్లింగులు! కస్టమర్ ఒక్క అక్షరం తప్పు కొడితే పక్క జిల్లాలోని మరో శ్రీలక్ష్మి షాపులో తేలతాడు.

అందుకే కొనే ముందు చిన్న పరీక్ష పెట్టుకోవాలి. స్పెల్లింగ్ చెప్పకుండా, పేరు మాత్రమే ఫోన్‌లో చెప్పి నలుగురిని టైప్ చేయమనండి. ముగ్గురు తప్పు రాశారంటే ఆ పేరు వదిలేయడం మేలు. వదులుకోలేకపోతే ఎక్కువ మంది రాసే రెండో స్పెల్లింగ్‌ను కూడా కొని, అసలు సైట్‌కు మళ్లించుకోవచ్చు. మధ్యలో గీతలు, అంకెలు వద్దు. 'మధ్యలో అడ్డగీత ఉంటుందండీ' అని కస్టమర్లందరికీ ఎంతకాలం చెబుతారు?

డాట్‌కు ముందు 63 అక్షరాల వరకు పెట్టుకోవచ్చు. కానీ అవకాశం ఉంది కదా అని పొడుగు పేరు పెడితే ఫోన్‌లో టైప్ చేసేవాళ్లు మధ్యలోనే ఆపేస్తారు. రాజమండ్రి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది. ఇంగ్లిష్‌లో రాస్తే కొత్త పేరుకు 17 అక్షరాలు, పాత పేరుకు 11. జనం నోట ఇప్పటికీ ఎక్కువగా వినిపించేది పాత పేరే.

ఊరి పేరు పెట్టాలా, వద్దా?

పచ్చళ్లు, కారం అమ్మేవాళ్లకు 'గుంటూరు' అన్న మాటే సగం ప్రచారం. అదే టైలరింగ్ షాపుకో, డెంటల్ క్లినిక్‌కో అయితే రేపు మరో ఊళ్లో బ్రాంచ్ పెట్టినప్పుడు ఆ పేరే అడ్డమవుతుంది. ఇంకో సంగతి.. ప్రసిద్ధ వస్తువుల పేర్లు వాడేటప్పుడు జాగ్రత్త. తిరుపతి లడ్డూకు టీటీడీ పేరిట 2009 నుంచే భౌగోళిక గుర్తింపు ఉంది. అలాంటి పేరుతో సైట్ పెడితే ఆర్డర్ల కంటే ముందు నోటీసు రావచ్చు.

పెద్ద బ్రాండ్ పేరులో ఒక అక్షరం మార్చి పెట్టుకుంటామన్నా కుదరదు. సత్యం ఇన్ఫోవే సంస్థ 'సిఫీ' పేరుతో డొమైన్లు నడుపుతుంటే, మరో సంస్థ 'ఎఫ్' ఒకటి అదనంగా చేర్చి 'సిఫ్ఫీనెట్' అని పెట్టుకుంది. 2004లో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని స్పష్టం చేస్తూ సత్యం ఇన్ఫోవే వైపే తీర్పు ఇచ్చింది. కేంద్ర ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో పేరు వెతకడానికి పైసా ఖర్చు లేదు.

డాట్ కామా.. డాట్ ఇనా?

కస్టమర్లంతా ఇక్కడివాళ్లే అయితే డాట్ ఇన్ చక్కగా సరిపోతుంది. దీన్ని 'నిక్సీ' అనే సంస్థ నిర్వహిస్తోంది. అమెరికాకు పచ్చళ్లు పంపేవాళ్లకు డాట్ కామ్ మంచిది. అయితే అదే పేరుతో డాట్ కామ్ ఇప్పటికే మీ వ్యాపారంలోనే ఉన్న మరొకరి చేతిలో ఉంటే, డాట్ ఇన్ తీసుకోవడం కన్నా పేరే మార్చుకోవడం నయం. మీ కరపత్రాలు చూసినవాళ్లు అటు వెళ్లిపోతారు. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. కాకపోతే కొన్ని యాప్‌లలో అది అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల వరుసలా కనిపిస్తుంది కాబట్టి ప్రస్తుతానికి రెండో పేరుగానే ఉంచుకోవాలి.

అసలు ఓనర్ ఎవరు?

చాలామంది మోసపోయేది ఇక్కడే. 'అంతా మేమే చూసుకుంటాం' అంటూ వెబ్‌సైట్ చేసే కుర్రాడు డొమైన్‌ను తన పేరు, తన ఈమెయిల్‌తో కొనేస్తాడు. కావాలని చేయకపోవచ్చు కూడా. కానీ రెండేళ్ల తర్వాత డబ్బు దగ్గర మాటా మాటా వచ్చినా, అతను ఊరు మారినా, షాపు పేరు అతని చేతిలోనే ఉండిపోతుంది. రికార్డులో ఎవరి పేరుంటే వారే హక్కుదారు. అందుకే ఖాతా, ఈమెయిల్, ఫోన్ నంబర్ యజమానివే ఉండాలి. డిజైనర్‌కు సైట్ మార్పులు చేసేంత అనుమతి ఇస్తే చాలు.

రెన్యువల్ సంగతీ మరవొద్దు. మొదటి ఏడాది 99 రూపాయలని ఊరించే ఆఫర్‌లో రెండో ఏడాది ధర ఎంతో ముందే చూసుకోవాలి. గడువు దాటిన డాట్ కామ్ పేరు తొలగింపు దశకు వెళ్తే, తిరిగి తెచ్చుకోవడానికి 30 రోజులు ఉంటాయి. అదనపు రుసుము బాగానే గుంజుతారు. ఆ తర్వాత మరో 5 రోజులకు పేరు మళ్లీ మార్కెట్లోకి వస్తుంది. అలా వదిలిన పేర్లను కొని జూదం సైట్లు పెట్టేవాళ్లు కాచుకుని ఉంటారు. ప్యాకెట్ మీద అడ్రస్ మాత్రం పాతదే ఉంటుంది. ఆటో రెన్యువల్ ఆన్ చేసినా, కార్డు గడువు తీరితే డబ్బు కట్ కాదు. కుదిరితే ఒకేసారి ఐదేళ్లకు కట్టేయండి, గరిష్ఠంగా పదేళ్ల వరకు కట్టుకోవచ్చు.