కిన్వట్‌లో కేంద్ర పోలీసు, రాష్ట్ర శాసనము

కిన్వట్ రైల్వే స్టేషనులో బండికొరకు నిరీక్షించు మనవారికి రెండు తెగల పోలీసులు కానవచ్చుట కలదు. ఇరువురివియు ఖాకీ దుస్తులే, ఇరువురి చేతులందును లాఠీలే. ఒకరు కేంద్రప్రభుత్వమునకు చెందిన రైల్వే రక్షక దళమువారు. రెండవవారు రాష్ట్ర పోలీసు శాఖకు చెందిన ప్రభుత్వ రైల్వే పోలీసులు. పెట్టె పోగొట్టుకొన్న ప్రయాణికుడు ఈ భేదము నెరుగడు. ఎదురుపడిన మొదటి పోలీసునొద్దకు పరుగెత్తును. అతడు "ఇది మా పని కాదు, వారి పని" యని వ్రేలు చూపినచో కోపగించుకొనును. ఆ కోపము సహజమే. అయినను ఆ చూపిన వ్రేలి వెనుక పెద్ద రాజ్యాంగ ప్రశ్న యొకటి దాగియున్నది. ఢిల్లీనుండి అధికారము పొందిన పోలీసు, రాష్ట్రముయొక్క శాసనమును అమలుపరుపవచ్చునా? పరుపవచ్చునన్నచో, ఎవరి యనుమతితో?

ఈ ప్రశ్నకు సమాధానము న్యాయశాస్త్ర గ్రంథములలో నెంత గలదో, మన కిన్వట్ చరిత్రలోను అంతయే కలదని మేము తలంచుచున్నాము.

1948 నాటికి కిన్వట్ నాందేడు జిల్లాలోనిది కాదు. హైదరాబాదు సంస్థానమున ఆదిలాబాదు జిల్లాకు చెందిన తాలూకా. పెన్‌గంగకు ఆవలిది బేరారు. ఈవలిది నిజాము పాలన. ఆ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము సంస్థానములోనికి ప్రవేశించినది. అయిదు దినములలో పని ముగిసినది. మన పెద్దలందరును దీనిని "పోలీసు యాక్షను" అనియే చెప్పుకొనిరి. వచ్చినది సైన్యము, పేరు మాత్రము పోలీసుది! ఇది రెండు రాజ్యముల నడుమ యుద్ధము కాదనియు, ఇంటిలోని యల్లరి నణచుట మాత్రమే యనియు లోకమునకు చెప్పుటకే ఆ పేరు పెట్టిరి.

తరువాత జరిగినది మరింత గమనింపదగినది. మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరయ్యెను. సైన్యబలమే యధికారమునకు చాలునని భారత ప్రభుత్వము భావింపలేదు. పరిపాలనాధికారమును ఆయనకు ఒసగుచు నిజాముచేతనే ఫర్మానా వెలువరింపజేసినది. రజాకారులను, తెలంగాణ కమ్యూనిస్టులను విచారించుటకు ఆయన ఏర్పరచిన ప్రత్యేక న్యాయస్థానముల నిబంధన సైతము "1358 ఫసలీ" సంవత్సరపు నిబంధనగనే లెక్కింపబడినది. భారత సైన్యాధికారి సంతకము చేసిన కాగితముపై సంస్థానపు ఫసలీ లెక్క! కత్తి ఢిల్లీది, ముద్ర హైదరాబాదుది. కిన్వట్‌లో హత్య జరిగినచో అప్పటికిని నేరము సంస్థానపు శిక్షాస్మృతి క్రిందనే. భారత శిక్షాస్మృతి ఇచ్చటకు వచ్చినది 1951 ఏప్రిల్ 1వ తేదీననే.

అయితే కాగితముపై ముద్ర యున్నంతమాత్రమున నేలపై శాసనము నిలిచెనని చెప్పజాలము. ఆ నెలలలో పల్లెల యందు జరిగిన ఘోరములను విచారించుటకు పండిత సుందరలాల్ సంఘము 1948 చివరలో సంస్థానమున పర్యటించినది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అత్యధికముగా దెబ్బతిన్నవని వ్రాసినది. ఆ నివేదిక సామాన్యులకు చదువ లభించినది 2013లో మాత్రమే. పాత పోలీసు తొలగి, క్రొత్త పోలీసు కుదురుకొనకమునుపు నడుమనున్న ఖాళీలో సామాన్యుల ప్రాణములు పోయినవి. అధికారము ఎవరిదను ప్రశ్నను వకీళ్ల వినోదముగా మేము తలంపకపోవుటకు ఇదియే కారణము.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పోలీసు శాఖను రాష్ట్రములకు వదలినది. రాష్ట్రముల జాబితాలో రెండవ అంశమే పోలీసు. "రైల్వే పోలీసు, గ్రామ పోలీసు సహితముగా" అని అందు విడిగా పేర్కొనబడినది. రైలు కేంద్రముది, పట్టాలు కేంద్రమువి, స్టేషను కేంద్రముది. ఆ స్టేషనులో జరుగు దొంగతనమును విచారించు పోలీసు మాత్రము రాష్ట్రమువాడు.

అటుపిమ్మట 1956 నవంబరు 1వ తేదీ వచ్చినది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము కిన్వట్ తాలూకాను, రాజురా తాలూకాను, బోథ్ తాలూకాలోని ఇస్లాపూరు సర్కిలును ఆదిలాబాదునుండి తీసి బొంబాయి రాష్ట్రమునకు చేర్చినది. అదే దినమున నాందేడునుండి ముధోలు ప్రాంతము ఆదిలాబాదునకు పోయినది. అనగా మన కిన్వట్ ఇటు వచ్చినది, మన పిల్లలకు అక్షరాభ్యాసము చేయించు బాసర అటు పోయినది! ఒకే తెల్లవారుజామున రెండు ఊళ్లు సరిహద్దును ఎదురెదురుగా దాటినవి.

ఊరు మారినను శాసనము మారలేదు. ఆ చట్టములోని 119వ సెక్షను ప్రకారము, తగిన శాసనసభ మార్చువరకు ఆ భూభాగమున పాత శాసనములే చెల్లును. కనుక బొంబాయి ప్రభుత్వపు పోలీసు కొంతకాలము హైదరాబాదు శాసనమును చేతబట్టి కిన్వట్‌లో తిరిగెను. బొంబాయి పోలీసు చట్టమును మరాఠ్వాడాకు విస్తరింపజేసినది 1959 నాటి చట్టము. భూమి వ్యవహారములలోనైతే 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము పేరు నేటికిని మన రెవెన్యూ కచేరీలలో వినబడుచునే యున్నది.

ఆ దినముననే అమలునకు వచ్చిన ఏడవ రాజ్యాంగ సవరణలో మరియొక చిన్న అధికరణము చేరినది. అది 258-ఎ. రాష్ట్ర గవర్నరు, కేంద్రప్రభుత్వ సమ్మతితో, రాష్ట్రము చేయవలసిన పనులను కేంద్రమునకో దాని యధికారులకో అప్పగింపవచ్చునని దాని భావము. సరిహద్దుల సందడిలో దీనిని గమనించినవారు అరుదు. మన ప్రశ్నకు రాజ్యాంగమిచ్చిన సూటియైన సమాధానము ఇదియే: రాష్ట్రము అప్పగించినచో కేంద్రోద్యోగి రాష్ట్రము పని చేయవచ్చును. అది యెరువు సొమ్మువంటిది, సొంతము కాదు.

అమెరికాలోను రాష్ట్ర శాసనము అనుమతించినంతవరకే ఫెడరల్ అధికారి రాష్ట్ర నేరములపై చేయి వేయగలడు. కాని యచ్చట కేంద్ర శాసనములకు కేంద్ర పోలీసులు వేరుగా నుందురు. కేంద్రము తన పనిని రాష్ట్ర పోలీసుచేత బలవంతముగా చేయింపరాదని 1997లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన దేశమున పార్లమెంటు చేసిన శాసనములను సైతము చాలవరకు అమలుజరుపునది రాష్ట్ర పోలీసే. మన ఠాణాలోని జమాదారు ఒకే దినమున ఢిల్లీ శాసనమును, ముంబయి శాసనమును నడుపుచుండును. ఆయనకు ఆ భేదము స్ఫురింపనుకూడ స్ఫురింపదు.

ఇక రైల్వే రక్షక దళము సంగతి. 1957 నాటి చట్టముతో ఏర్పడినపుడు దాని పని రైల్వే ఆస్తిని కాపాడుటయే. రైల్వే సొమ్ము నపహరించినవానిని విచారించు అధికారము 1966 నాటి చట్టముతో లభించినది. 1985లో అది కేంద్ర సాయుధ దళమైనది. 2003 నాటి సవరణలతో ప్రయాణికుల రక్షణయు దాని విధులలో చేరినది. అకారణముగా గొలుసు లాగుట, స్త్రీల పెట్టెలో పురుషు లెక్కుట వంటి రైల్వే చట్టపు నేరములలో పట్టుకొను అధికారమును పెరిగినది. కాని ప్రయాణికుని సంచి పోయినచో, ఆ నేరపు విచారణ నేటికిని రాష్ట్ర రైల్వే పోలీసుదే. దొంగను కన్నులార చూచిన రక్షకభటుడు వానిని పట్టి రాష్ట్ర పోలీసునకు అప్పగించును. అట్టి నేరస్థుని పట్టి యప్పగించు హక్కు సామాన్య పౌరునికిని కలదు; 2024 జూలై 1 నుండి అమలైన క్రొత్త స్మృతి ఆరు గంటలలో అప్పగింపవలెనని గడువు విధించినది.

కేంద్ర రిజర్వు పోలీసు దళముది మరియొక కథ. 1939లో నీమచ్‌లో, సంస్థానములలో శాంతిని నిలుపుటకు బ్రిటిషు ప్రతినిధి దళముగా అది పుట్టినది. 1949లో నేటి పేరు పొందినది. 1968 సెప్టెంబరులో కేంద్రోద్యోగుల సమ్మె సందర్భమున ఈ దళమును కేరళకు పంపగా, తమను అడుగకయే పంపితిరని ఇ. ఎం. ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వము ఆక్షేపించినది. 1976లో 42వ సవరణ, కేంద్ర దళములు రాష్ట్రపు అజమాయిషీలో నుండనక్కరలేదని ఒక అధికరణము చేర్చెను. 1978 నాటి 44వ సవరణ దానిని తొలగించెను. సహాయమనగా సహాయమే గాని రాష్ట్ర యంత్రాంగమును ప్రక్కకు నెట్టి దాని స్థానమున కూర్చుండుట కాదని 1997లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

సి. బి. ఐ. విషయమున ఈ యనుమతి సరిహద్దు మనకు మరింత దగ్గరగా వచ్చినది. 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టములోని ఆరవ సెక్షను ప్రకారము రాష్ట్ర సమ్మతి లేనిదే ఆ సంస్థ రాష్ట్రములో విచారణ జరుపజాలదు. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో సమ్మతిని ఉపసంహరించి 2019లో మరల ఇచ్చెను. మహారాష్ట్ర 2020 అక్టోబరులో ఉపసంహరించి 2022 అక్టోబరులో పునరుద్ధరించెను. తెలంగాణ 2022 ఆగస్టులో ఉపసంహరించెను. ఆ 2022 వర్షాకాలపు చివరలో కొన్ని వారములు కిన్వట్‌లోను, ఆదిలాబాదులోను కూడ ఢిల్లీ విచారణాధికారికి తలుపు మూసియుండెను. పిదప మనవైపు మాత్రమే తెరచుకొనెను. హైకోర్టు, సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినచో ఈ సమ్మతి యక్కరలేదని 2010 నాటి తీర్పు కలదు.

ఆదిలాబాదునుండి తిరుపతికి పోవు కృష్ణా ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్ర సరిహద్దును రెండుమార్లు దాటును: కిన్వట్ చేరకముందొకమారు, ధర్మాబాదు దాటి బాసరకు పోవునప్పు డొకమారు. దక్షిణమధ్య రైల్వే రక్షక దళము ఇరువైపుల నొకటే. రాష్ట్ర రైల్వే పోలీసు మాత్రము మారిపోవును. కునుకు తీసి లేచిన ప్రయాణికునికి తన సంచి ఏ రాష్ట్రములో పోయినదో తెలియదు. దానిని తేల్చుట అతని బాధ్యతయు కాదు. నేరము తమ హద్దులో జరుగలేదని చెప్పి ఫిర్యాదును త్రిప్పిపంపరాదనియు, ఏ ఠాణాలోనైనను నమోదుచేసి తగినచోటికి పంపవలెననియు క్రొత్త స్మృతి విధించుచున్నది. దిగిన స్టేషనులో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలును అడిగి తీసికొనవలెను. ఆ నకలు ఉచితముగానే ఇయ్యవలసినది.