ఆకురాలు కాలంలో ఇళ్ల బేరం

2024 మార్చిలో నా కాంట్రాక్టు అయిపోయింది. ఆక్లండ్‌లో ఐటీ ఉద్యోగాలు అప్పటికే పలచబడ్డాయి. అంతకుముందు ఏడాది కాలక్షేపానికి పరీక్ష రాసి తెచ్చుకున్న రియల్ ఎస్టేట్ లైసెన్సు అక్కరకొచ్చింది. "ఎమ్మెస్ చేసి ఇళ్లమ్ముతున్నావట్రా?" అంది అమ్మ ఫోన్లో. అవును మరి, మే నెలాఖరు దాకా మౌంట్ ఆల్బర్ట్ వీధుల్లో ఓపెన్ హోమ్ బోర్డులు పాతుతూ తిరిగాను.

మనకి ఉగాది వచ్చే వేళకి ఇక్కడ ఆకులు రాలుతుంటాయి. ఆ ఏడాది ఏప్రిల్ 7న గడియారాలు గంట వెనక్కి తిప్పారు, 9న ఉగాది. సాయంత్రం ఆరింటికే మసక. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు వాలి తిరుగుతాడు కనక ఉత్తరపు ఎండ పడే ఇంటికి రేటెక్కువ. మనవాళ్లేమో కాంపస్ పట్టుకుని తూర్పు వాకిలి ఎక్కడని వెతుకుతారు!

ఇంటి గురించి నాలుగు ముక్కలు చెప్పాలి కదా అని ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అమ్మకం పక్కకిపోయి చదువే ఎక్కువైంది.

1840 అక్టోబరులో న్గాటి ఫాతువా అనే మావోరీ తెగ దగ్గర ఆక్లండ్ పట్టణం కోసం ప్రభుత్వం సుమారు 3,000 ఎకరాలు తీసుకుంది. దస్తావేజులో ఉన్నవి 50 పౌండ్ల నగదు, 50 దుప్పట్లు, కొన్ని లాగులు, చొక్కాలు, ఇనప కుండలు, గొడ్డళ్లు, పొగాకు, ఒక బస్తా పంచదార, ఒక బస్తా పిండి. వాళ్ల పెద్ద ఆపిహై తె కావౌ గవర్నరుని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాననుకున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా, 1841 ఏప్రిల్లో, అదే భూమిలో 44 ఎకరాలు వేలం వేస్తే 24,275 పౌండ్లు వచ్చాయి. కొన్నవాళ్లలో కొందరు వెంటనే ముక్కలు కోసి మళ్లీ అమ్ముకున్నారు. అదీ ఆకురాలు కాలమే. ప్రభుత్వం చేసిన తప్పులకి చట్టంలో రాతపూర్వకంగా క్షమాపణ చెప్పేసరికి 2012 వచ్చింది.

మా పేటలో 1863లో కట్టిన ఆల్బర్టన్ అనే పెద్ద ఇల్లుంది. దాని బురుజులు చూస్తే మన వైపు నవాబుల బంగళా గుర్తొస్తుంది. కట్టించిన ఆలన్ కెర్ టేలర్ తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసినవాడు మరి. చుట్టూ వందల ఎకరాల పొలం. 1890లో ఆయన పోయాక పిల్లల భారమంతా భార్య సోఫియా మీద పడింది. ఆడవాళ్లకి ఓటు కావాలని సభల్లో మాట్లాడిన మనిషి ఆవిడ. ఇల్లు గడవడానికి పొలం కొంచెం కొంచెం తెగనమ్ముతూ వచ్చారు. పొలాల చోట వీధులొచ్చాయి. పెళ్లిళ్లు చేసుకోని కూతుళ్లలో చివరామె మ్యూరియెల్ 1972లో పోతూ, మిగిలిన ఇల్లు చారిత్రక స్థలాల ట్రస్టుకి రాసిచ్చింది. ఇప్పుడు చూడ్డానికి వెళ్లచ్చు.

నేను అమ్మాల్సిన చెక్క ఇల్లు అక్కడికి నడిచిపోయేంత దూరం. అమ్మేవాళ్లు విడిపోతున్న దంపతులు, ఎంతో కొంతకి వదిలించుకోవాలనే తొందర వాళ్లది. ఓ శనివారం తెలుగు జంట వచ్చింది, విజయవాడ వైపు వాళ్లు.

"అన్నా, మీరున్నారుగా, మాకింక భయం లేదు. రిజర్వు ఎంతో చెప్పండి," అన్నాడతను.

నేను అమ్మేవాళ్ల తరఫున ఉన్నానని, ఆ అంకె చెప్పడం నా పని కాదని చెప్పాను. అతను నవ్వాడు, మొహమాటం అనుకున్నట్టున్నాడు. కౌన్సిల్ నుంచి లిమ్ రిపోర్టు తెప్పించుకోండి, బిల్డర్‌తో చూపించుకోండి, వేలంలో గెలిస్తే ఇక వెనక్కి తగ్గడానికుండదని మాత్రం రెండుసార్లు చెప్పాను. అవి చెప్పచ్చు. వాళ్లు తగ్గించి ఇచ్చేస్తారన్నది చెప్పకూడదు. 1840లో అమ్మినవాడికి రేపటి ధర తెలీదు. ఇక్కడ కొనేవాడికి ఇవాళ్టి ధరే తెలీదు. రెండుచోట్లా తెలిసినవాడు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఈసారి వాణ్ణి నేను.

వేలం రోజు సన్నటి వాన. రిజర్వు దాటాక ఇంకొకాయనతో పంతానికి పోయి, వాళ్లు చాలా పైకి పాడారు. సుత్తి పడగానే ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది, సంతోషంతోనే. నా కమీషనూ పెరిగింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

గృహప్రవేశానికి పిలిచారు, వెళ్లాను. పులిహోర వడ్డిస్తూ అతను మళ్లీ అడిగాడు.

"ఇప్పుడైనా చెప్పండన్నా, రిజర్వు ఎంత?"

ఇంకొంచెం పులిహోర వేయమన్నాను.